పాత సాఫ్ట్‌వేర్‌కు గ్రంథాలయంలో చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

పాత పుస్తకాలను డిజిటలీకరించి కాపాడాలని కోరే లేఖలు మన పత్రికల్లో తరచుగా కనిపిస్తుంటాయి. ఆ కోరికతో నాకు పేచీ లేదు. కాని 1925లో అచ్చయిన పుస్తకం చెదలు పట్టకుండా మిగిలితే ఈనాడు కూడా చేతిలోకి తీసుకొని చదువుకోవచ్చు. 1998లో ఇదే విజయవాడలో కంప్యూటరు మీద కూర్చిన పుస్తకం తాలూకు ఫైలు సీడీలో చెక్కుచెదరకుండా ఉన్నా దానిని తెరవడం గగనమైపోయింది. గవర్నర్‌పేటలో చాలాకాలంగా డీటీపీ (కంప్యూటరు మీద పేజీలు కూర్చడం), పుస్తక ముద్రణ పనుల్లో ఉన్న నాకు ఈ రెండో రకం నష్టమే ఎక్కువగా కనిపిస్తున్నది. అందుకే ఆ ఫైళ్లను తెరిచే పాత సాఫ్ట్‌వేర్ గురించీ, అది ఇన్నాళ్లూ దొరుకుతూ వచ్చిన ఫైల్ హోస్టింగ్ సైట్లు, అంటే ఎవరైనా ఫైలు ఎక్కించి లింకు పంచుకునే సైట్లు, ఒకటొకటిగా మూతపడటం గురించీ, ఈ విషయంలో మన గ్రంథాలయాలు చేయదగిన పని గురించీ ఈ లేఖ రాస్తున్నాను.

ఈ వ్యవహారంతో పరిచయం లేని పాఠకుల కోసం కొంత వివరించాలి. సీసపు అక్షరాల కంపోజింగ్ పోయి డీటీపీ వచ్చిన 1990లలో తెలుగు పుస్తకాలు, మాసపత్రికలు, గైడ్లు, శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు చాలావరకు పేజీలు అమర్చే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాములోనే తయారయ్యేవి. పేజ్‌మేకర్‌కు తెలుగు తెలియదు. అందువల్ల అను స్క్రిప్ట్ వంటి దేశీయ ప్యాకేజీలు ఒక ఉపాయం చేశాయి: ఇంగ్లీషు అక్షరాలు, విరామచిహ్నాలు ఉండవలసిన గడుల్లో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టు, గుడి, కొమ్ము, వత్తులను విడివిడిగా అమర్చి, మనం కీబోర్డు మీద కొట్టినదానికి తగినట్లు ఆ ముక్కలను చేర్చిపెట్టే చిన్న ప్రోగ్రామును వెనక నడిపించాయి. అలాంటి ఫాంటులో ఉండగలిగే గడులు మహా అయితే 256. తెలుగులోని గుణింతాలకూ సంయుక్తాక్షరాలకూ అవి చాలవు కనుక ఏ గడిలో ఏ ముక్క పెట్టాలన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీ తనకు తోచినట్లు నిర్ణయించుకున్నది. ప్రమాణాలు లేకపోలేదు. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ మన లిపులకు ఇస్కీ అనే సంకేత ప్రమాణాన్ని ప్రకటించింది, అదే ఏడాది వెలువడిన యూనికోడ్ (ప్రపంచ లిపులన్నిటికీ ఒకే అమరిక) తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. డీటీపీ సెంటర్లు ఈ రెండింటినీ పట్టించుకోలేదు. నిజానికి పట్టించుకునే వీలూ లేదు, ఎందుకంటే పేజ్‌మేకర్‌కు చివరి వెర్షన్ అయిన 7.0 వరకు యూనికోడ్ అంటే ఏమిటో తెలియనే తెలియదు, దాని స్థానంలోకి వచ్చిన ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులు కుదురుకోవడానికి 2012లో సీఎస్6 వెర్షన్ వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా తెలుగు ప్రచురణ రంగం కూర్చిన పాఠమంతా ఈ సొంత అమరికల ఫాంట్లలోనే ఉన్నది.

ఇలాంటి ఫైలు ఈనాడు తెరుచుకోవాలంటే అది తయారైన పేజ్‌మేకర్ ఉండాలి, అందులో వాడిన ఫాంటే ఉండాలి, ఒక్క అక్షరం దిద్దాలన్నా ఆ ఫాంటుకు చెందిన కీబోర్డు ప్రోగ్రాము ఉండాలి, ఇవన్నీ నడిచే పాత విండోస్ ఉండాలి. ఫాంటు లేకపోతే తెర మీద కనిపించేది ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు కలగలిసిన పిచ్చిరాత. 1990ల నడుమ వచ్చిన చాలా ప్రోగ్రాములు 16 బిట్ల పాత పద్ధతివి కాబట్టి నేటి 64 బిట్ల విండోస్‌లో అవి అసలు మొదలే కావు. ప్రోగ్రాము 32 బిట్లదే అయినా దానిని ఇన్‌స్టాల్ చేసే ఫైలు 16 బిట్లది కావడం వల్ల గుమ్మంలోనే ఆగిపోయినవి కూడా కొన్ని ఉన్నాయి. కొన్ని ప్యాకేజీలకు ప్రింటర్ పోర్టుకు తగిలించే హార్డ్‌వేర్ లాక్ ఒకటి ఇచ్చేవారు, అది లేకపోతే ప్రోగ్రాము నడవదు. లాక్ భద్రంగా బీరువాలో ఉన్నా దానిని తగిలించే పోర్టు ఇప్పటి కంప్యూటర్లకు లేదు. పాత ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు వచ్చాయి, వాటిని ఉచితంగా తయారుచేసి ఇచ్చిన ఔత్సాహికులకు తెలుగువారు రుణపడి ఉన్నారు. అయితే ఒక ఫాంటుకు రాసిన కన్వర్టర్ వేరే అమరిక ఉన్న మరో ఫాంటుకు పనికిరాదు, వత్తుల దగ్గర పొరపాట్లు వస్తే వాటిని సరిచూసుకోవడానికి అసలు ఫైలును అసలు ఫాంటుతో తెరిచి పక్కన పెట్టుకోవడం తప్ప మార్గం లేదు. రచయితలు కాలం చేశాక వారి పిల్లలు పాత సీడీలు పట్టుకొని పునర్ముద్రణకు వస్తుంటారు. అచ్చుప్రతిని చూసి మళ్లీ మొదటినుంచి టైపు చేయించవలసి వస్తుందని వారికి చెప్పినప్పుడు ఖర్చు కంటే ఎక్కువ బాధించేది, రచయిత స్వయంగా ప్రూఫులు దిద్దిన పాఠంలోకి కొత్త అచ్చుతప్పులు వచ్చి చేరడం.

ఇది పుస్తకాలకే పరిమితమైన సమస్య కాదు. విండోస్‌కు ముందటి డాస్ కాలంలో చిట్‌ఫండ్ కంపెనీలు, గుంటూరు మిర్చి వ్యాపారులు ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కల ప్రోగ్రాములు రాయించుకున్నారు. ఆ పట్టికలు లిబ్రే ఆఫీసులో నేటికీ తెరుచుకుంటాయి; వడ్డీ ఏ పద్ధతిలో కట్టారో, తరుగు ఎలా తీశారో చెప్పే ప్రోగ్రాము నడవదు.

మరి ఇన్నాళ్లూ పని ఎలా సాగింది? కొన్ని ప్యాకేజీలు అమ్మిన కంపెనీలు కొత్త వెర్షన్లకు మారిపోయాయి, కొన్ని కనిపించకుండా పోయాయి. ఫ్లాపీలు బూజు పట్టాయి, సీడీలు పొరలు లేచాయి. అందువల్ల ఎవరి దగ్గరో మిగిలిన ప్రతిని ఇంకెవరో ర్యాపిడ్‌షేర్‌లోనో జిప్పీషేర్‌లోనో ఎక్కించడం, ఆ లింకు విజయవాడ నుంచి గుంటూరుకు, గుంటూరు నుంచి తెనాలికి ఆపరేటర్ల చేతుల మీదుగా ప్రయాణించడం అలవాటైపోయింది. పాత ఫాంట్లు, కీబోర్డు డ్రైవర్లు, ఏనాడో తయారీ ఆగిపోయిన ప్రింటర్ల డ్రైవర్లు, కన్వర్టర్లు అన్నీ ఈ దారినే దొరికేవి. వాటిని అక్కడ ఎక్కించినవారు ఎవరో తెలియదు, తీసుకున్నవారు ఎవరో తెలియదు, ఎక్కడా జాబితా లేదు. బెజవాడ స్టేషన్ క్లోక్‌రూమ్‌లో సామాను దించి, దానినే సొంతింటి బీరువా అనుకున్నట్లు మనం ఆ సైట్లను నమ్ముకున్నాం.

ఆ సైట్లు ఎలా పోయాయో చూడండి. మెగాఅప్‌లోడ్‌ను అమెరికా న్యాయశాఖ 2012 జనవరిలో ఒక్కరోజులో మూయించింది. కాపీరైటు ఉల్లంఘన ఆరోపణలతో జరిగిన ఆ చర్యలో, తమ సొంత ఫైళ్లు దాచుకున్నవారివి కూడా చిక్కుకుపోయాయి. వాటిని తిరిగి ఇప్పించాలని కోర్టుకు వెళ్లినవారు ఉండగానే, నెదర్లాండ్స్‌కు చెందిన లీజ్‌వెబ్ కంపెనీ తన దగ్గరున్న వందలాది మెగాఅప్‌లోడ్ సర్వర్లను 2013లో తుడిచేసింది. అదే ఏడాది చివర హాలీవుడ్ సంస్థలతో కోర్టు వ్యాజ్యం ముగింపులో భాగంగా హాట్‌ఫైల్ మూతపడింది. ఒకప్పుడు ప్రపంచంలో అత్యధికులు సందర్శించే సైట్లలో ఒకటిగా ఉన్న ర్యాపిడ్‌షేర్ 2015 మార్చి 31తో ముగిసింది. 2006 నుంచి నడిచిన జిప్పీషేర్, ప్రకటనల ఆదాయం తగ్గి, కరెంటు ఖర్చు పెరిగి, ఇక గిట్టుబాటు కావడం లేదని చెప్పి 2023 మార్చి నెలాఖరుకు సెలవు తీసుకున్నది. అనాన్‌ఫైల్స్ కూడా ఆ ఏడాదే పోయింది.

ఈ మూసివేతలలో సినిమావాళ్ల ఫిర్యాదును నేను తేలిగ్గా తీసుకోను. కొత్త తెలుగు సినిమా విడుదలైన రాత్రికే దొంగప్రతి ఇటువంటి చోట్ల ప్రత్యక్షమైన సందర్భాలు మనకు తెలుసు, నష్టపోయినవారు చర్య కోరడం న్యాయమే. నా బాధ వేరు. ఆ సైట్లు మూతపడకముందే వాటి నియమాలు పాత సాఫ్ట్‌వేర్‌ను మెల్లగా మాయం చేస్తూ వచ్చాయి. ఉచితంగా ఎక్కించిన ఫైలును కొంతకాలం ఎవరూ దింపుకోకపోతే దానంతట అదే చెరిగిపోయేది. జిప్పీషేర్‌లో ఆ గడువు 30 రోజులు. కొత్త సినిమాను రోజూ వేలమంది దింపుకుంటారు కాబట్టి దానికి ఈ నియమంతో ప్రమాదం లేదు. 1996 నాటి తెలుగు ఫాంటు ప్యాకేజీ ఏడాదికి ఏ ఇద్దరికో ముగ్గురికో అవసరపడుతుంది. అంటే దొంగప్రతులను నిలబెట్టి, మరెక్కడా దొరకని వస్తువును చెరిపేసే ఏర్పాటు అది. అరుదైన వస్తువులకు భద్రస్థలం కావడానికి అది ఏనాడూ తగినది కాదు.

పెద్ద సంస్థలైతే నమ్మకంగా ఉంటాయని కొందరు అనవచ్చు. 2009లో యాహూ తన ఉచిత వెబ్‌పేజీల సేవ జియోసిటీస్‌ను మూసింది, 2016లో ప్రోగ్రాములు దాచుకునే గూగుల్ కోడ్ మూతపడింది, 2020 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ తన డౌన్‌లోడ్ సెంటర్ నుంచి పాత పద్ధతి డిజిటల్ సంతకం ఉన్న ఫైళ్లను తొలగించింది. అడోబ్ 2013 ప్రాంతంలో తన సీఎస్2 డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను ఆమోదించే యాక్టివేషన్ సర్వరును ఆపినప్పుడు, కొనుక్కున్నవారి కోసం యాక్టివేషన్ అక్కర్లేని ప్రతిని తన సైట్‌లోనే ఉంచింది. అది మర్యాదైన పని. కాని కొన్నేళ్లకు ఆ పేజీ కూడా పోయింది. మన ప్రభుత్వ సంస్థల సంగతీ ఇంతే. లక్షలాది పుస్తకాలను స్కాన్ చేసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు 2017 ప్రాంతంలో అందుబాటులో లేకుండా పోయినప్పుడు, అందులోని తెలుగు పుస్తకాలు ఇంకా చదవగలుగుతున్నామంటే అంతకుముందే వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే అంతర్జాల గ్రంథాలయంలోకి చేర్చినవారి చలవే.

ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉండగా ఇంకేమిటి చింత అంటే దానికీ సమాధానం ఉంది. 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఆ సంస్థ పాత డాస్ ప్రోగ్రాములను బ్రౌజరులోనే నడిపించి చూపుతున్నది. జియోసిటీస్ పోయేటప్పుడు ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం చేతనైనంత దింపి దాచింది. ఫ్రాన్స్‌లో 2016లో మొదలైన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ ప్రపంచం నలుమూలల నుంచి సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం) సేకరిస్తున్నది. వీరందరికీ దండం పెట్టవలసిందే. అయినా ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి కొన్ని రోజులపాటు అది పనిచేయలేదు, కాపీరైటు వ్యాజ్యాలు దానిని ఏళ్ల తరబడి వెంటాడాయి. పైగా తెలుగు డీటీపీ ప్యాకేజీల సోర్స్ కోడ్‌ను ఎవరూ బయట పెట్టలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ పరిధిలోకి అవి రావు. ఫలానా ఫాంటు ఫలానా ఏళ్లలో కోస్తా జిల్లాల ప్రెస్సుల్లో నడిచిందన్న సంగతి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎవరికి తెలుస్తుంది? తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు, వారిలో చాలామంది అరవై దాటినవారు.

ఇక చట్టం. మన కాపీరైటు చట్టం 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్య రచనతో సమానం. దానికి రక్షణ కర్త జీవితకాలమూ ఆపై 60 ఏళ్లూ. 1995లో రాసిన ఫాంటు ప్రోగ్రాము 22వ శతాబ్దంలోకి పోయినా కాపీరైటులోనే ఉండవచ్చునన్నమాట, దానిని నడిపే యంత్రం ఏ ప్రదర్శనశాలలో ఉంటుందో కాని. సెక్షన్ 52(1)(ఎఎ) కింద, న్యాయంగా కొనుక్కున్నవాడు పాడైపోతుందన్న భయంతో తాత్కాలిక రక్షణ కోసం ఒక నకలు తీసుకోవచ్చు. అదే సెక్షన్‌లో 2012 సవరణ ద్వారా లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయాలకు ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచుకునే వీలు కల్పించారు, అయితే ఆ రచన డిజిటల్ కాని ప్రతి తమ దగ్గర ఉంటేనే అన్న షరతు పెట్టారు. పుస్తకానికి అది సరిపోతుంది. సాఫ్ట్‌వేర్‌కు డిజిటల్ కాని ప్రతి ఎక్కడ నుంచి వస్తుంది? ఇక సెక్షన్ 65ఎ, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో, నకలు తీయకుండా పెట్టిన రక్షణ ఏర్పాటును ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు అంటుంది. ఉద్దేశం అది కాకపోతే నేరం కాదని న్యాయవాది చెప్పవచ్చు గాని, హార్డ్‌వేర్ లాక్ పనిచేయని ప్యాకేజీని తెరిపించే పనిని ఆ ధైర్యంతో ఏ గ్రంథాలయాధికారి నెత్తిన వేసుకుంటారు? అమెరికాలో ఇదే చిక్కుకు మూడేళ్లకోసారి మినహాయింపులు ప్రకటించే పద్ధతి ఉంది, 2018లో గ్రంథాలయాలకు, ఆర్కైవులకు, మ్యూజియాలకు పాత సాఫ్ట్‌వేర్‌ను భద్రపరచడానికి రక్షణ ఏర్పాటును తొలగించుకునే అనుమతి ఇచ్చారు. మన దగ్గర 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త ప్రతి పుస్తకం నుంచి ఒక్కో ప్రతిని కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా వంటి మరి కొన్నింటికీ పంపాలి. సాఫ్ట్‌వేర్‌కు అలాంటి విధి లేదు. పార్లమెంటు సభ్యులు ఈ విషయాన్ని లేవనెత్తితే మంచిదే. కాని చట్టం మారేదాకా చేతులు ముడుచుకొని కూర్చోనక్కర్లేదు.

ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది బెజవాడ రామమోహన గ్రంథాలయంలో. అయ్యంకి వెంకటరమణయ్య గారి తరం పల్లెపల్లెకూ గ్రంథాలయాన్ని తీసుకుపోయిన నాటికి వారి వెనక ఏ ప్రభుత్వ శాఖా లేదు. ఇప్పుడు శాఖ ఉంది, 1960 నాటి చట్టం కింద ఇంటిపన్నుతో పాటు మనందరం కడుతున్న గ్రంథాలయ సెస్సు ఉంది. విజయవాడలోనో గుంటూరులోనో జిల్లా గ్రంథాలయ సంస్థ ఒక్క గదిని ఈ పనికి కేటాయించమని నా విన్నపం. అందులో అంతర్జాలంతో సంబంధం లేని రెండు మూడు పాత కంప్యూటర్లు, పనిచేసే ఫ్లాపీ డ్రైవులు, ప్రింటర్ పోర్టు ఉన్న ఒక యంత్రం ఉండాలి. మూసేసిన డీటీపీ సెంటర్ల నుంచి అసలు సీడీలను, లాకులను, యూజర్ మాన్యువళ్లను, బిల్లులతో సహా దానంగా స్వీకరించాలి; బిల్లు ఉంటే ఆ ప్రతి న్యాయంగా కొన్నదేనని చూపవచ్చు. ప్రతి డిస్కు నుంచి సంపూర్ణ నకలు తీసి, దానికి హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్రలాంటి సంఖ్య) లెక్కగట్టి రిజిస్టరులో రాసిపెట్టాలి. ఆ విలువ ఉంటే పదేళ్ల తర్వాత కూడా ఫైలులో ఒక్క బిట్టు మారినా తెలిసిపోతుంది. లింకుల ద్వారా చేతులు మారిన ప్రతులలో ఏది అసలు, ఏది వైరస్ అంటించిన క్రాక్ (తాళం తప్పించిన దొంగప్రతి) అన్నది తేల్చుకోలేక ఆపరేటర్లు పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. కొత్త కంప్యూటరులో పాతదానిని అనుకరించే డాస్‌బాక్స్, వర్చువల్‌బాక్స్ వంటివి ఉచితమే కాబట్టి పాత విండోస్‌కు న్యాయమైన లైసెన్సు ఉన్నంతవరకు పెద్దగా ఖర్చు కూడా కాదు. బయటకు ఇవ్వనక్కర్లేదు, తన ఫైలు తెచ్చుకున్నవారు అక్కడే కూర్చొని తెరిచి, పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకొని వెళ్తే చాలు. హక్కుదారులైన కంపెనీలు ఇంకా ఉన్నచోట వారికి ఉత్తరం రాసి అనుమతి అడగాలి. అమ్మకం మానేసిన వెర్షన్‌కు అనుమతి ఇవ్వడానికి చాలామందికి అభ్యంతరం ఉండదని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ వ్యాపారంలో ఉన్నవారు తెలుగు మీద కొంత అభిమానంతోనే ఇందులోకి వచ్చారు.

నకళ్లు ఒక్కచోటే ఉండకూడదన్నది మరిచిపోరాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు, కింది అంతస్తుల్లో ఉన్న కంప్యూటర్లు, హార్డ్ డిస్కులు ఏమయ్యాయో ఈ నగరవాసులకు చెప్పనక్కర్లేదు. ఒక నకలు విజయవాడలో, మరొకటి గుంటూరులో, ఇంకొకటి కృష్ణా తీరానికి దూరంగా మరో ఊళ్లో ఉండేట్లు చూడాలి.

చివరగా పత్రికలకు ఒక మనవి. తెలుగు దినపత్రికలు 1990ల చివర ఇంటర్నెట్ సంచికలు మొదలుపెట్టినప్పుడు వాటిని తమ సొంత ఫాంట్లలోనే ఇచ్చాయి. ఆ పేజీలు కొన్ని ఆర్కైవులలో ఉన్నా ఫాంటు దొరకక చదవలేకపోతున్నాం. వాటిని యూనికోడ్‌గా మార్చి చూపిన పద్మ అనే యాడ్-ఆన్ (బ్రౌజరుకు తగిలించే చిన్న ప్రోగ్రాము) ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు పాత పద్ధతిలో రాసినది; 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 రావడంతో ఆ పద్ధతి యాడ్-ఆన్లకు కాలం చెల్లింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ కొన్నేళ్ల రోజువారీ చరిత్ర ఆ పేజీలలో ఉన్నది. మీ సాంకేతిక విభాగంలో ఆనాటి ఫాంటు ఫైలు గాని, ఏ గడిలో ఏ అక్షరపు ముక్క ఉన్నదో తెలిపే పట్టిక గాని మిగిలి ఉంటే, దయచేసి వాటిని ఎవరైనా వాడుకునేందుకు స్వేచ్ఛనిస్తూ ప్రచురించండి. ఆ పట్టిక మహా అయితే రెండు పేజీలుంటుంది, దానితో కన్వర్టరు రాసుకోగల కుర్రవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు.

ఇట్లు,
ఒక డీటీపీ నిర్వాహకుడు,
గవర్నర్‌పేట, విజయవాడ.